మమ్మల్ని అడక్కుండా మాఫీ చేసిన బాకీ
అండమాన్‌లో జపాన్ సైనిక ఆక్రమణ, 1942–45: స్త్రీల వైపు నుంచి

(విశాఖపట్నంలో మహిళా హక్కుల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



యుద్ధం, స్త్రీలు అనే అంశం మీద మాట్లాడమన్నప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది మా అమ్మమ్మ. మా ఇంట్లో ఎవరి వయసు లెక్క కట్టాలన్నా ఆమె "జపానోడు బాంబులేసిన ఏడు" అనే మొదలుపెట్టేది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. ఊరు ఊరంతా ఖాళీ అయింది. అమ్మమ్మ చంకలో పసిపిల్లతో, నెత్తిన బియ్యం మూటతో విజయనగరం దగ్గరి పల్లెకు నడిచిపోయింది. కొన్ని నెలలకు తిరిగొచ్చింది. ఇల్లు ఉంది, మనుషులు ఉన్నారు. అందుకే అది ఆమెకు పిల్లల పుట్టిన ఏడు లెక్కకట్టుకునే గుర్తుగా మిగిలింది.

అదే సముద్రానికి ఆవలి ఒడ్డున ఉన్న ఆడవాళ్లకు పారిపోవడానికి పల్లె లేదు. విశాఖ మీద బాంబులు పడడానికి సరిగ్గా రెండు వారాల ముందు, 1942 మార్చి 23న జపాన్ సైన్యం అండమాన్‌లోని పోర్ట్‌బ్లెయిర్‌లో దిగింది. 1945 అక్టోబర్ దాకా, మూడున్నర ఏళ్లు ఆ దీవులు సైనిక ఆక్రమణలో ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో శత్రు సైన్యం అంత కాలం పట్టి ఉంచిన భారత భూభాగం మరొకటి లేదు. అయినా మన పాఠ్యపుస్తకాల్లో అండమాన్ అంటే సెల్యులర్ జైలు, లేకపోతే నేతాజీ జెండా. మధ్యలో ఉన్న మూడున్నర ఏళ్ల బతుకు ఎక్కడా కనిపించదు.

నేను కొన్నేళ్ల క్రితం పోర్ట్‌బ్లెయిర్ వెళ్లాను. 2024లో దాని పేరు శ్రీ విజయపురం అని మార్చారు. అక్కడ జంగ్లీఘాట్‌లో మన శ్రీకాకుళం, విశాఖ జిల్లాల మత్స్యకార కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్లలో ఎక్కువమంది స్వాతంత్ర్యం తర్వాత వెళ్లి స్థిరపడ్డవాళ్లే కనుక ఆ రోజుల జ్ఞాపకం వాళ్ల ఇళ్లల్లో లేదు. జ్ఞాపకం ఉన్నది అంతకుముందు తరాల నుంచి అక్కడే పుట్టి పెరిగిన 'లోకల్ బార్న్' కుటుంబాల్లో. ఆ కుటుంబాలు ఎవరివో తెలియకపోతే ఆక్రమణలో ఆడవాళ్లకు ఏమైందో అర్థం కాదు. అందుకని కొంచెం వెనక్కి వెళతాను.

ఆక్రమణకు ముందే

1857 తిరుగుబాటు అణచివేశాక, 1858లో బ్రిటిష్ ప్రభుత్వం అండమాన్‌ను శిక్షా స్థావరంగా మార్చింది. మన మన్యం తిరుగుబాటులో పట్టుబడ్డవారిలో కొందరిని కూడా తర్వాత అక్కడికే పంపారు. మగ ఖైదీలు వేలల్లో, ఆడ ఖైదీలు వందల్లో. మగవాళ్లు స్థిరపడి వ్యవసాయం చేయాలంటే వాళ్లకు పెళ్లాలు కావాలి. అందుకని ప్రభుత్వమే ఏర్పాటు చేసింది. ఆడ ఖైదీలను వరసగా నిలబెట్టేవారు. మంచి నడవడి ఉందని సర్కారు ఒప్పుకున్న మగ ఖైదీ వచ్చి వాళ్లలో ఒకరిని ఎంచుకునేవాడు. ఆ పెళ్లిళ్లకు పుట్టిన బిడ్డలు, వాళ్ల బిడ్డలే ఆ 'లోకల్ బార్న్' కుటుంబాలు.

అంటే ఆ దీవిలో స్త్రీ శరీరాన్ని పాలకుడి అవసరానికి వాడుకోవడం జపాన్ సైన్యంతో మొదలవలేదు. జపాన్ చేసిన నేరం దీనివల్ల తగ్గదు. ఒక పాలకుడు పోయి ఇంకొక పాలకుడు వచ్చినప్పుడల్లా స్త్రీల పరిస్థితి ఎందుకు మొదటికి వస్తుందో చూడడానికి ఇది చెబుతున్నాను.

1942 మార్చిలో రంగూన్ పడిపోగానే బ్రిటిష్‌వాళ్లు అండమాన్‌ను నిలబెట్టుకోలేమనుకున్నారు. తమ కుటుంబాలను ముందే ఓడలెక్కించారు. సైన్యాన్ని వెనక్కి తీసుకెళ్లారు. మిగిలిన ప్రజలను అలాగే వదిలేశారు. జపాన్ సైన్యం దిగేటప్పుడు ఒక్క తుపాకీ కూడా పేలలేదు.

మొదటి రోజులు

సైనికులు ఊళ్లోకి వచ్చి ఇళ్లల్లో చొరబడ్డారు. కోళ్లు పట్టుకుపోయారు, సామాన్లు ఎత్తుకుపోయారు, ఆడవాళ్ల జోలికి వచ్చారు. జుల్ఫికర్ అలీ అనే యువకుడు తట్టుకోలేక ఎయిర్‌గన్ పేల్చాడు. ఎవరూ చావలేదు. సైనికులు ఇళ్లు తగలబెట్టి, అతన్ని అప్పగించేదాకా జనాన్ని బెదిరించి, చివరికి అందరి ఎదుట చిత్రహింస పెట్టి కాల్చి చంపారు. పోర్ట్‌బ్లెయిర్‌లో అతని స్మారకం ఉంది. అతను పౌరుషవంతుడని అందరూ చెబుతారు. నిజమే. కానీ ఆ రోజు సైనికులు ఏ ఇంటి గడప తొక్కారో, ఆ ఇంట్లో ఆడవాళ్లు ఎవరో, వాళ్లకేమైందో ఆ స్మారకం చెప్పదు. కథ మగవాడి పౌరుషం దగ్గర మొదలై అక్కడే ముగుస్తుంది.

మొదట్లో జపాన్‌వాళ్లు తాము ఆసియా విమోచకులమని చెప్పుకున్నారు. జైళ్లలో ఉన్న ఖైదీలను వదిలేశారు. చాలామంది నమ్మారు కూడా. ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్ శాఖ ఏర్పడింది. పంజాబీ కవి, వైద్యుడు డాక్టర్ దివాన్ సింగ్ దానిలో ప్రముఖుడు. కానీ కొద్ది నెలల్లోనే గూఢచర్యం కేసులు మొదలయ్యాయి. మిత్రరాజ్యాల విమానం వచ్చినా, జలాంతర్గామి ఓడను ముంచినా, ఇక్కడినుంచి ఎవరో సమాచారం పంపుతున్నారని జపాన్ అధికారులు అనుమానించేవారు. అనుమానం వస్తే సెల్యులర్ జైలే. బ్రిటిష్‌వాడు కట్టిన జైలును జపాన్‌వాడు అలాగే వాడుకున్నాడు. నీళ్లు తాగించడం, వేలాడదీయడం, కాల్చడం, కొట్టడం అన్నీ జరిగాయి. భర్త చేత లేని నేరం ఒప్పించడానికి భార్యను పిలిపించి అతని కళ్లెదుటే హింసించిన ఉదంతాలు కూడా నమోదయ్యాయి.

దివాన్ సింగ్‌ను 1943 అక్టోబర్‌లో అరెస్టు చేశారు. ఆ హింసలకు 1944 జనవరి 14న ఆయన చనిపోయారు. గురుద్వారాను సైనికుల కోసం తెచ్చిన స్త్రీలను ఉంచడానికి ఇవ్వమంటే ఆయన ఒప్పుకోలేదనీ, అది కూడా జపాన్‌వాళ్ల కోపానికి ఒక కారణమనీ ఆయన జీవిత కథ రాసినవారు చెబుతారు.

సైన్యం కోసం తెచ్చిన స్త్రీలు

ఆ స్త్రీల గురించి ఇప్పుడు చెప్పుకుందాం. జపాన్ సైన్యం తాను వెళ్లిన చోటల్లా సైనికుల కోసం స్త్రీలను ఉంచే కేంద్రాలు నడిపింది. కొరియా, చైనా, ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, మలయా, తైవాన్, బర్మా, ఇలా ఎన్నో దేశాల నుంచి ఆడపిల్లలను ఉద్యోగమని నమ్మించి, అప్పుల్లో ఇరికించి, కొన్నిచోట్ల నేరుగా ఎత్తుకొచ్చి వాటిలో పెట్టింది. అండమాన్‌లోనూ అలాంటి కేంద్రం ఉండేది. జపాన్ సైన్యం వాళ్లకు పెట్టిన పేరు 'ఇయాన్‌ఫు'. ఇంగ్లీషులో 'కంఫర్ట్ విమెన్' అన్నారు. తెలుగులో రాసేటప్పుడు మనం కూడా 'సుఖ స్త్రీలు' అని రాసేస్తున్నాం. ఎవరి సుఖం? ఆ మాట సైనికుడి మంచం మీద నుంచి పుట్టింది. 1996లో ఐక్యరాజ్యసమితి ప్రత్యేక నివేదకురాలు రాధికా కుమారస్వామి తన నివేదికలో దీన్ని సైనిక లైంగిక బానిసత్వం అని స్పష్టంగా అన్నారు. మనం కూడా ఆ మాటే వాడాలి.

కొరియాలో పుట్టిన పల్లెటూరి పిల్ల ఓడల మీద వేల మైళ్లు వచ్చి, ఏ సముద్రంలో ఉందో కూడా తెలియని దీవిలో దిగిందనుకోండి. ఆమెకు చుట్టుపక్కల వాళ్ల భాష రాదు. పారిపోతే అడవి, ఆ తర్వాత సముద్రం. ఊళ్లోవాళ్ల కళ్లకు ఆమె శత్రువుతో వచ్చిన మనిషి. మారుమూల దీవి అంటే సైన్యానికి అదనంగా గోడ కట్టక్కర్లేని జైలు. స్థానిక స్త్రీలూ ఆమే ఒకే సైన్యం చేతిలో చిక్కారు. కానీ వాళ్లు ఒకరినొకరు అలా చూసుకునే అవకాశం ఎవరూ ఇవ్వలేదు.

జెండా ఎగిరిన రోజు

ఇప్పుడు చెప్పబోయేది కొంచెం ఇబ్బందికరమైన విషయం. కానీ ఇది వదిలేస్తే మన చరిత్ర మనకు అర్థం కాదు.

1943 డిసెంబర్ 29న సుభాష్ చంద్రబోస్ పోర్ట్‌బ్లెయిర్ వచ్చారు. 30న జెండా ఎగరేశారు. దీవులకు షహీద్, స్వరాజ్ అని పేర్లు పెట్టారు. ఆయన అక్కడున్న ఆ మూడు రోజులూ దివాన్ సింగ్, ఆయనతో పాటు మరెందరో భారతీయులు జపాన్ నిర్బంధంలోనే ఉన్నారు. పర్యటన అంతా జపాన్ అధికారుల కనుసన్నల్లో జరిగింది. ఖైదీల గోడు ఆయన దాకా చేరనివ్వలేదని స్థానిక చరిత్రలు చెబుతాయి. ఆజాద్ హింద్ ప్రభుత్వం తరఫున గవర్నర్‌గా వచ్చిన లోగనాథన్‌కు జపాన్‌వాళ్లు విద్యాశాఖ మాత్రం ఇచ్చారు. పోలీసు శాఖను తమ చేతిలోనే ఉంచుకున్నారు. జెండా ఎగిరిన నెలకే, 1944 జనవరి 30న హంఫ్రీగంజ్ దగ్గర 44 మందిని గూఢచారులని కాల్చి చంపారు. వాళ్లలో ఎక్కువమంది ఆ ఇండిపెండెన్స్ లీగ్ సభ్యులే.

బోస్ దేశభక్తిని శంకించడం నా ఉద్దేశం కాదు. విమోచన అనే మాట ఎంత పెద్దగా వినిపిస్తే, దాని కింద నలిగినవాళ్ల మాట అంత వినపడకుండా పోతుందని మాత్రమే అంటున్నాను. ఉద్యమాల్లో పనిచేసే మనకు ఇది కొత్త కాదు. "ముందు పెద్ద సమస్య తేలనీ, ఆడవాళ్ల సంగతి తర్వాత" అనే మాట మనం ఎన్ని సభల్లో వినలేదు!

ఆకలి

చివరి ఏడాదిన్నర ఆకలి ఏడాదిన్నర. మిత్రరాజ్యాల జలాంతర్గాములు జపాన్ సరుకు ఓడలను ముంచాయి. దీవికి బియ్యం బయటినుంచి రావాలి. రావడం ఆగిపోయింది. ఉన్న ధాన్యం సైన్యం తీసుకుంది. జనం చేత వెట్టి చేయించి విమానాల దారి వేయించారు. ఇవాళ పర్యాటకులు దిగే విమానాశ్రయానికి మూలం అదే. మగవాళ్లను వెట్టికి తోలితే, జైల్లో పెడితే, చంపితే ఇంట్లో మిగిలిన ముసలివాళ్లకు, పిల్లలకు తిండి వెతకడం ఎవరి పని అయి ఉంటుంది? దీనికి సాక్ష్యం కావాలా? కరువులో, తుఫానులో, కర్ఫ్యూలో పనిచేసిన మీకు చెప్పక్కర్లేదు.

1945 ఆగస్టులో, యుద్ధం ముగియడానికి కొద్ది రోజుల ముందు, తిండి మిగుల్చుకోవడానికి పనికిరానివాళ్లని ఎంచి వందలమందిని ఓడ ఎక్కించారు. కొత్త చోట సాగు చేసుకోవచ్చని చెప్పారు. మనుషులు లేని హేవ్‌లాక్ దీవి దగ్గర రాత్రిపూట సముద్రంలోకి దిగమన్నారు. చాలామంది మునిగిపోయారు. ఒడ్డు చేరినవాళ్లలో ఎక్కువమంది ఆకలితో చనిపోయారు. ఆ తర్వాత వచ్చిన బ్రిటిష్‌వాళ్లకు దొరికినవాళ్లు కొద్దిమందే. చనిపోయినవారి లెక్క ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంది. పనికిరానివాళ్లు అనే మాట గమనించండి. ఏ పాలకుడైనా మనుషుల్ని చాకిరీతో కొలిస్తే ఆ జాబితాలో ముసలివాళ్లు, రోగులు, చంటిపిల్లల తల్లులు ముందుంటారు. హేవ్‌లాక్‌ను 2018లో స్వరాజ్ ద్వీప్ అన్నారు. ఇవాళ అది కొత్త పెళ్లిజంటలు వెళ్లే దీవి.

ఈ నష్టానికి ఒక లెక్క మాత్రం ఉంది. జనాభా లెక్కల ప్రకారం 1941లో అండమాన్, నికోబార్ దీవుల్లో 33,768 మంది ఉన్నారు. 1951లో 30,971 మంది. పదేళ్లలో జనాభా తగ్గింది. దీనికి కారణం చావులొక్కటే కాదు, యుద్ధం తర్వాత శిక్షా స్థావరం ఎత్తేశాక ఖైదీలు కొందరు తిరిగివచ్చారు. కానీ ఆ తగ్గిన అంకెలో మనం మాట్లాడుకుంటున్న కుటుంబాలు కూడా ఉన్నాయి.

బాకీ ఎవరు మాఫీ చేశారు?

1945 అక్టోబర్‌లో పోర్ట్‌బ్లెయిర్‌లో జపాన్ సైన్యం లొంగిపోయింది. సింగపూర్‌లో బ్రిటిష్ సైనిక కోర్టులు అండమాన్, నికోబార్ దీవుల హింసల మీద కొన్ని కేసులు విచారించాయి. టోక్యో విచారణలో మన న్యాయమూర్తి రాధాబినోద్ పాల్ నిందితులందరూ నిర్దోషులని వేరుగా తీర్పు రాశారు. దురాగతాలు జరిగాయని ఆయన కాదనలేదు. గెలిచినవాళ్లు ఓడినవాళ్లను విచారించే పద్ధతిని ఆయన ప్రశ్నించారు. వలస పాలన చూసిన మనకు ఆ ప్రశ్న అర్థమవుతుంది. కానీ ఆయన పేరు తెలిసినవాళ్లలో ఎంతమందికి హంఫ్రీగంజ్ పేరు తెలుసు?

అసలు విషయం 1952 జూన్ 9న జరిగింది. ఆ రోజు భారత ప్రభుత్వం జపాన్‌తో శాంతి ఒప్పందం మీద సంతకం చేసింది. యుద్ధ నష్టపరిహారం హక్కులన్నీ వదులుకుంది. ప్రభుత్వం తన హక్కులతో ఆగలేదు. జపాన్ యుద్ధ చర్యల వల్ల భారత పౌరులకు ఉన్న క్లెయిములు కూడా వదులుకుంది. ఓడిన దేశం మీద భారం మోపకూడదన్నది ఉదారమైన ఆలోచనే. ఆసియా దేశాల మధ్య స్నేహం కావాలన్నదీ మంచిదే. కానీ హంఫ్రీగంజ్‌లో భర్తను పోగొట్టుకున్నావిడని ఎవరైనా వెళ్లి అడిగారా? హేవ్‌లాక్ నీళ్లలో బిడ్డను పోగొట్టుకున్నావిడని అడిగారా? మన పల్లెల్లో ఆడపిల్ల మీద అత్యాచారం జరిగితే పెద్దమనుషులు కూర్చుని, ఆ పిల్లని పిలవకుండానే రాజీ కుదురుస్తారు. దేశాలు కూడా అలాగే చేశాయి. పెద్దమనుషుల స్థాయి మారింది, పద్ధతి మారలేదు.

మాట ఎవరిది?

కొరియాలోనూ 1965లో ప్రభుత్వాలు ఒప్పందం చేసుకుని అంతా తేలిపోయిందన్నాయి. అయినా 1991 ఆగస్టు 14న కిమ్ హక్ సున్ అనే వృద్ధురాలు సొంత పేరుతో, సొంత ముఖంతో లోకం ముందుకొచ్చి తనకు జరిగింది చెప్పింది. 1992 జనవరిలో యోషిమి యోషియాకి అనే జపాన్ చరిత్రకారుడు సైన్యం ప్రమేయాన్ని నిరూపించే పత్రాలు బయటపెట్టాడు. ఆ నెల నుంచే సియోల్‌లో జపాన్ రాయబార కార్యాలయం ముందు ప్రతి బుధవారం నిరసన మొదలైంది. 1993లో జపాన్ ప్రభుత్వం సైన్యం ప్రమేయం ఉందని ఒప్పుకుంది. 1995లో ప్రజల విరాళాలతో నిధి పెడితే చాలామంది బాధితులు తీసుకోలేదు. మాకు దానం వద్దు, రాజ్యం బాధ్యత ఒప్పుకోవాలి అన్నారు. 2000 డిసెంబర్‌లో టోక్యోలో స్త్రీల సంఘాలే ప్రజా న్యాయస్థానం నడిపాయి. దాన్ని ప్రతిపాదించింది మత్సుయి యయోరి అనే జపాన్ పాత్రికేయురాలు. ఇది ఒక జాతి మీద ఇంకొక జాతి పగ కాదని చెప్పడానికి ఈ ఒక్క పేరు చాలు.

అండమాన్ నుంచి అలాంటి గొంతు రాలేదు. ఎందుకు? ఆ స్త్రీలకు ధైర్యం లేక కాదు. వినేవాళ్లు వెళ్లలేదు. ఊరు చిన్నది, అందరికీ అందరూ తెలుసు, చెబితే పరువు పోతుంది. చట్టం భాష కూడా వాళ్లకు సాయం చేయలేదు. 1949 జెనీవా ఒప్పందం యుద్ధంలో స్త్రీలను రక్షించాలంది. కానీ అత్యాచారాన్ని స్త్రీ గౌరవం మీద దాడిగా చెప్పింది. మన 'మానభంగం' మాటలోనూ అదే ఉంది. పోయింది మానమైతే దాచుకోవాల్సింది ఆమే. జరిగింది నేరమైతే జవాబు చెప్పాల్సింది చేసినవాడు. ఈ తేడా చట్టంలోకి రావడానికి చాలా కాలం పట్టింది. 1998 రోమ్ శాసనంలో అత్యాచారం, లైంగిక బానిసత్వం యుద్ధ నేరాలుగా, మానవత్వం మీద నేరాలుగా విడిగా చేరాయి. భారతదేశం ఆ శాసనంలో ఇప్పటికీ చేరలేదు.

ఇదంతా దూరపు దీవి సంగతి అనుకోకండి. యూనిఫాం వేసుకున్నవాడు ఇంట్లోకి వచ్చినప్పుడు ఆడదాని మాటకు విలువ ఎంత అన్నదే ప్రశ్న. 2007లో మన విశాఖ మన్యంలోనే, వాకపల్లిలో 11 మంది ఆదివాసీ స్త్రీలు పోలీసుల మీద అత్యాచారం ఆరోపణ చేశారు. 2023లో కోర్టు నిందితులను నిర్దోషులంది. దర్యాప్తు సరిగ్గా జరగలేదని చెప్పి ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వమంది. సాక్ష్యం సకాలంలో, సక్రమంగా తీసుకోకపోతే ఏమవుతుందో ఇంతకంటే ఏం చెప్పాలి?

అందుకని మన ముందున్న పనులు మూడు చెప్పి ముగిస్తాను. ఒకటి, అండమాన్‌లో ఆ రోజులు చూసినవాళ్లు ఇప్పుడు బాగా వయసు మళ్లినవాళ్లు. వాళ్లలో మిగిలినవాళ్ల మాటలు, వాళ్ల కూతుళ్లు, మనవరాళ్లు విన్న మాటలు వాళ్ల ఇష్టంతో, వాళ్లు కోరితే పేరు లేకుండా రికార్డు చేయాలి. రెండు, స్మారకాల మీద ఉన్న పేర్ల పక్కన ఆ ఇళ్లల్లో మిగిలిన స్త్రీల కథ కూడా ఉండాలని, సైన్యం తెచ్చిన పరాయి దేశపు స్త్రీల ప్రస్తావన ఉండాలని అడగాలి. మూడు, మనం పనిచేసే ప్రతి చోటా ఒక్క నియమం పెట్టుకోవాలి. బాధితురాలి తరఫున రాజీపడే హక్కు కుటుంబానికి, కులపెద్దలకు, పార్టీకి, ప్రభుత్వానికి, చివరికి మన సంఘానికి కూడా లేదు.

మా అమ్మమ్మ తన బిడ్డతో తిరిగొచ్చింది కనుక తన కథ మాకు చెప్పుకోగలిగింది. ఆవలి ఒడ్డున ఆమె వయసు ఆడవాళ్లు చెప్పుకోవడానికి ఎవరూ రాకుండానే వెళ్లిపోయారు. వాళ్ల బాకీ ఒప్పందం కాగితం మీద మాఫీ అయింది. మన దగ్గర మాత్రం కాకూడదు.